నీటికిని పట్టా కలదు

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరమును ముంచి సుమారు 15,000 మందిని పొట్టన బెట్టుకొనెను. 2025వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీ రాత్రి, ఎగువనున్న ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరముల తలుపులెత్తగా, అదే నది గౌలిగూడ యందలి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో ప్రవేశించి, దసరా పండుగకు స్వగ్రామములకు బయలుదేరిన ప్రయాణికులను నడిరాత్రి దిక్కుతోచని స్థితిలో నిలిపెను. ఈ రెండు తేదీల నడుమ 117 సంవత్సరములు గడచినవి. మొదటి వరదలో నగరము కూలెను. రెండవ వరదలో నగరము తడిసినది కాని కూలలేదు. రెండు వానలును సమానములు కావనుట నిజమే. ఐనను ఈ భేదమునకు వాన యొక్కటియే కారణము కాదు. మొదటి వరద నేర్పిన పాఠమును శ్రద్ధతో విన్నవారు కట్టి యిచ్చిపోయిన రెండు జలాశయములును ఆ కారణములలో ముఖ్యమైనవి. ఆ పాఠమును మనము నేడు మఱచుచున్నామా యనునదియే ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

హైదరాబాదు నగరమును గూర్చి నేడు ప్రకటింపబడుచున్న నిర్మాణ ప్రణాళికలకు కొదువ లేదు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి నగరమునకు క్రొత్త ఎల్లగా ఏర్పడినది. 2025 డిసెంబరులో చుట్టునున్న 27 పురపాలక సంఘములు మహానగర పాలనలో విలీనము చేయబడినవి. గండిపేటకు సమీపమున నున్న కోకాపేటలో 2023 ఆగస్టు మాసమున ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలకు వేలములో పోయినది. మూసీ తీరమును 55 కిలోమీటర్ల పొడవున తీర్చిదిద్దుటకు లక్షన్నర కోట్ల రూపాయలు కావలసియుండునని 2024లో ముఖ్యమంత్రి స్వయముగ పలికి యుండిరి. నగరము పెరుగుట దోషము కాదు. పల్లెలలో పని దొరకని యువకునకు అన్నము పెట్టుచున్నది నగరమే. వంతెనలు, రహదారులు, మెట్రోరైలు మార్గములు వలదను ఛాందసులము మేము కాము. మేమడుగు ప్రశ్న యొక్కటియే: ఇన్ని ప్రణాళికలలో నీటికి కేటాయించిన భూమి యెంత? ఆ భూమికి హద్దు రాళ్లు పాతినవారెవరు?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటకు ముందు 1908 నాటి సంగతి కొంత స్మరింపవలసి యున్నది. వరద నాడు అఫ్జల్‌గంజి యందలి చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచియున్నది. వరద తీసిన పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని 1909లో ఆహ్వానించెను. మఱియొకరైనచో నదికి ఇరుప్రక్కల గోడలు లేపి, శిలాఫలకములు నిలిపి, పని ముగిసినదని తలచియుందురు. విశ్వేశ్వరయ్యగారు నగరమును వదలి ఎగువకు నడచిరి. మూసీ పరీవాహక ప్రదేశమున 788 చెఱువులు కలవనియు, ఆనాటి వానకు వానిలో 221 చెఱువుల కట్టలు తెగినవనియు ఆయన లెక్క తేల్చెను. అనగా నగరమును ముంచినది వాన మాత్రమే కాదు. ఒక చెఱువు తెగి క్రింది చెఱువుపై పడి, ఆ చెఱువు తెగి మఱియొక దానిపై పడి, చెఱువుల వరుస యంతయు నొక్కసారిగా నదిపై విఱుచుకొనిపడినది.

రోగము ఎగువన నున్నది గనుక ఔషధమును ఎగువననే పెట్టవలెనని ఆయన నిర్ణయించెను. నగరమునకు పైన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి వరదనీటిని నిలుపు జలాశయములు కట్టవలెననియు, పిదప నగరములో నది గట్లను ఎత్తు చేయవలెననియు, మురుగునీటికి వేఱు మార్గము కల్పింపవలెననియు, గట్ల వెంబడి తోటలు వేయవలెననియు ఆయన సూచనల సారాంశము. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తి యయ్యెను. నదీతీరమున ఉన్నత న్యాయస్థానము, నగర కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి మున్నగు భవ్యసౌధములు వెలసినవి. ఈ వరుసక్రమమును పాఠకులు గమనింప ప్రార్థన. మొదట ఎగువ జలాశయములు, పిదప గట్లు, పిదప మురుగుకాలువలు, తుదకు తోటలు. ఆనాటి రాజ్యమున ప్రశ్నించు హక్కు ప్రజలకు లేకుండెను. ఆ రాజ్యపద్ధతిని మేము మెచ్చుకొనుట లేదు. కాని నీటిని గూర్చిన ఆ ఇంజనీరు తర్కము మాత్రము రాజులు పోయినను, రాజ్యాంగములు మాఱినను చెడలేదు.

చెఱువనునది గుంటలో నిలిచిన నీరు కాదు. ఈ మాట పల్లెటూరి రైతునకు చెప్పనవసరము లేదు. పట్టణవాసికి మాత్రము చెప్పవలసిన దినములు వచ్చినవి. చెఱువునకు కట్ట కలదు, తూము కలదు, అలుగు కలదు. ఈ అలుగునే తెలంగాణమున మత్తడి యందురు. చెఱువు నిండినతోడనే మిగులు నీరు మత్తడి దుమికి కాలువగా సాగి క్రింది చెఱువున చేరును. ఆ చెఱువు మత్తడి దాని క్రిందిదానిని నింపును. గొలుసుకట్టు చెఱువులన్న పేరు ఇందువలననే వచ్చినది. గొలుసులో ఒక లంకె తెగినచో ఆ నీరు మాయమై పోదు. తనకు దొరకిన త్రోవను వెదకుకొనును. నీరు పల్లమెఱుగు, నిజము దేవుడెఱుగు అని మన పెద్దలు పలికినది కేవలము నీతివాక్యము కాదు, నీటిపారుదల శాస్త్రమున ప్రథమసూత్రము.

మన పూర్వులు తటాకనిర్మాణమును సప్తసంతానములలో నొకటిగా లెక్కించిరి. కడప మండలమున పోరుమామిళ్ల చెఱువుకడ 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. చెఱువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను ఆ శాసనము వివరించుచున్నది. ప్రతిదినమును వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండు సంవత్సరములు పనిచేయగా ఆ చెఱువు సిద్ధమైనదని అందు వ్రాయబడినది. చార్మినారు కట్టబడుటకు సుమారు ముప్పది యేండ్లకు పూర్వమే, 1562 ప్రాంతమున, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున హుస్సేన్ సాగరము త్రవ్వబడినది. అనగా హైదరాబాదున మొదట చెఱువు పుట్టినది, పిదప నగరము పుట్టినది. తల్లికి బిడ్డ ఋణపడియుండుట సహజము. బిడ్డ యెదిగి తల్లి నిలిచిన చోటును అమ్ముకొనుట మాత్రము సహజము కాదు.

భూమి గలవారికందఱకును తెలిసిన మాట యొకటి ఇచ్చట జ్ఞాపకము చేయవలసి యున్నది. చెఱువు నిండినప్పుడు మునిగి, నీరు తీసినప్పుడు బయటపడు భూమిని శిఖము భూమి యందురు. ఇందు కొంత సర్కారుది, కొంత పట్టా భూమి. శిఖము పట్టాదారునకు ఒక హక్కు కలదు: నీరు తగ్గిన పిమ్మట దున్ని పంట వేసికొనవచ్చును. ఆయనపై ఒక నిర్బంధమును కలదు: చెఱువు నిండినప్పుడు నీటిని అడ్డగింపరాదు, ఆ భూమిపై మిట్ట వేయరాదు, ఇల్లు కట్టరాదు. అనగా ఒకే భూమికి ఇద్దఱు హక్కుదారులు కలరు. ఒకరు రైతు, మఱియొకరు నీరు. రైతు పట్టా కాగితముపై వ్రాయబడినది. నీటి పట్టా నేల వాలుపై వ్రాయబడినది. మొదటిదానిని తహశీలుదారు మార్చగలడు, రెండవదానిని మార్చు అధికారము ఏ కచ్చేరికిని లేదు.

నగరము పెరిగినకొలది జరిగినదేమి? చెఱువు క్రింద వ్యవసాయము పోయినది. ఆయకట్టు ఇండ్ల స్థలములయ్యెను. తూము తెఱచుటకు నీరటికాడు అక్కఱలేకపోయెను. మత్తడి కాలువ ఇరుకై మురుగునాలా అయ్యెను. శిఖము రైతు తన పట్టాను విక్రయించెను. ఆ పట్టాతోపాటు నీటి నిర్బంధమును కూడ విక్రయించుచున్నానని ఆయన చెప్పలేదు, కొన్నవాడు అడుగలేదు. వ్యాపారి యొకడు మట్టి పోయించి లేఅవుటు వేసెను. రిజిస్ట్రారు దస్తావేజు వ్రాయించుకొని స్టాంపు రుసుము పుచ్చుకొనెను. పురపాలక సంఘము అనుమతి నిచ్చెను, పన్ను వసూలు చేసెను. విద్యుచ్ఛాఖవారు తీగ లాగిరి, నీటిశాఖవారు గొట్టము వేసిరి, బ్యాంకువారు ఋణమిచ్చిరి. ఇన్ని ముద్రలు పడిన యింటిని మధ్యతరగతి గృహస్థుడొకడు తన జీవితార్జితమంతయు ధారవోసి కొనెను. ఇందు అందఱును సంతకములు చేసిరి. సంతకము చేయనిది నీరొక్కటియే.

నీరు తన అభ్యంతరమును వాననాడు తెలుపుకొనెను. 2000 సంవత్సరము ఆగస్టులో బేగంపేట వాతావరణ కేంద్రమున ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు తెలుపుకొనెను. నాలాలను వెడల్పు చేయవలెనని పిమ్మట నిపుణుల నివేదికలు వచ్చినవి. అవి బీరువాలలో చేరినవి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో మరల తెలుపుకొనెను. టోలిచౌకి నదీంకాలనీలో వీథులలో పడవలు నడచినవి. పాతబస్తీ అంచున పల్లె చెఱువునకును, దరిమిలా గుఱ్ఱము చెఱువునకును గండ్లు పడి, అర్ధరాత్రి ఇండ్లలోనికి నీరు దూకి, మనుష్యులను కొట్టుకొనిపోయినది. 1908లో 221 చెఱువులు తెగినప్పుడు విశ్వేశ్వరయ్యగారు ఏది చెప్పిరో, 2020లో రెండు చెఱువులు తెగి అదియే చెప్పినవి. నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమము 2021లో గాని పుట్టలేదు. హెచ్చరికకును కార్యమునకును నడుమ రెండు దశాబ్దములు గడచినవన్నమాట.

ఇది హైదరాబాదు యొక్క దోషము మాత్రమే యని తక్కిన తెలుగు పట్టణములవారు ఊరట చెందవలదు. విజయవాడలో 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగునగరము మున్నగు పేటలను దినముల తరబడి నీటిలో నుంచినది. ఏఱు చిన్నదే, ఏడాదిలో నధికభాగము మురుగు కాలువవలె కనుపించునదే. కనుకనే దాని దారిలో ఇండ్లు కట్టుటకు ఎవరును జంకలేదు. అమరావతి కడ కొండవీటివాగు నీటిని కృష్ణలోనికి ఎత్తిపోయుటకు ఉండవల్లిలో 2018లో పంపులను నెలకొల్పిరి. రాజధాని భవనములు పూర్తిగాక మున్నే వాగు సంగతి తలచుట మెచ్చదగినదే. కాని పంపు నడచుటకు విద్యుచ్ఛక్తి కావలెను, మనుష్యుడు మేలుకొనియుండవలెను. పల్లమునకు పాఱుటకు నీటికి ఇవి రెండును అక్కఱలేదు. కాబట్టి పంపు సాయము మాత్రమే, దారికి బదులు కాదు.

హైదరాబాదు చెఱువుల దురాక్రమణను అరికట్టుటకు తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో హైడ్రా యను సంస్థను స్థాపించినది. పెద్దవారి కట్టడములపై చేయి వేయుటకు ఈ సంస్థ వెనుదీయకపోవుట చూచి ప్రజలు మొదట హర్షించిరి. అంబర్‌పేటలో చెత్తతోను పిచ్చిమొక్కలతోను పూడిపోయియున్న బతుకమ్మకుంటను పునరుద్ధరించి 2025 సెప్టెంబరులో ప్రజలకప్పగించుట ఈ సంస్థ చేసిన సత్కార్యము. త్రవ్వగా నేలలో నుండి నీరు ఊరినది. నీరు తన చోటును మఱువదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

కాని ఇదే కార్యమున ఒక అన్యాయమును కలదు. కూల్చుట ఒక దినములో నగును. అనుమతి యిచ్చిన పాపము ఇరువది సంవత్సరములది. ఆ యిరువది సంవత్సరములలో సంతకములు చేసినవారిలో కొలదిమంది అధికారులపై మాత్రమే కేసులకు సిఫారసులు వెడలినవి. న్యాయస్థానములకు సెలవుండు ఆదివారమునాడు యంత్రములను దింపుట యేమని 2024 సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము ప్రశ్నింపవలసివచ్చెను. పూర్తి నీటిమట్టపు హద్దును మొదట తుదిగా ప్రకటించి, ఆ హద్దులో రిజిస్ట్రేషనులు నిలిపి, మోసపోయిన కొనుగోలుదారునకు అమ్మినవానినుండియు, అనుమతించిన వానినుండియు పరిహారమిప్పించి, పిదప గునపమును చేతబట్టుట ధర్మము. దొంగను వదలి దొంగసొత్తు కొన్న అమాయకుని శిక్షించు రాజ్యము ఎంత వేగముగ పనిచేసినను అది న్యాయరాజ్యము కానేరదు.

ఇక మూసీతీర ప్రణాళికను గూర్చి. అనంతగిరి కొండలలో పుట్టి, నగరములో నుండి పాఱి, వాడపల్లి కడ కృష్ణలో కలియు ఈ నది నేడు నగరమధ్యమున నల్లని మురుగుగా దిగజారియున్నది. దీనిని బాగుచేయవలెనను సంకల్పమును కాదను తెలుగువాడు లేడు. విచారింపవలసినది వరుసక్రమమును గూర్చి మాత్రమే. విశ్వేశ్వరయ్యగారి వరుసలో తోటలు తుదివి. నేటి ప్రచారములో తీరపు సోయగమే ముందు నడచుచున్నది. మురుగు శుద్ధి వెనుక నడచుచున్నది. 2021లో 3,866 కోట్ల రూపాయల వ్యయముతో 31 మురుగునీటి శుద్ధికేంద్రములు మంజూరైనవి. ఇండ్ల మురుగును ఆ కేంద్రములకు చేర్చు గొట్టములు లేనిచోట కేంద్రమెంత గొప్పదైనను ప్రయోజనము లేదు. ప్రతి నాలా నోటికడ మురుగును ఆపుట మొదటి పని. ఆ పని యైనపిదప నది సగము బాగుపడినట్లే. ఆ పని కాకమున్నే తీరమున పాలరాతి మెట్లు కట్టుట, రోగికి స్నానము చేయింపక పట్టుబట్టలు కట్టుట వంటిది.

అహ్మదాబాదులో సబర్మతీ తీరమును తరచు దృష్టాంతముగ చూపుచున్నారు. అచ్చట నగరమధ్యమున కనుపించు నీరు నర్మదా కాలువ నుండి తెచ్చి నిలిపినది. వాస్నా ఆనకట్టకు దిగువన నది పరిస్థితి వేఱు. అచ్చట మురుగును, పరిశ్రమల వ్యర్థజలములును పాఱుచున్నవి. ఆ తీరము కొఱకు పదివేలకు మించిన కుటుంబములు స్థానభ్రంశము పొందినవి. మూసీకిని దిగువ కలదు. నగరము దాటినది మొదలు నల్లగొండ మండలము వఱకు ఈ నది నీటితో వరి పండించు రైతులు వేలకొలదిగ నున్నారు. నగరము విసర్జించిన మురుగే వారి పొలమునకు నీరు. ఆ నీటి వాసనలో వారు పనిచేయుచున్నారు, ఆ నేలలో పండిన ఆకుకూర తిరిగి నగరమునకే వచ్చుచున్నది. నది బాగుపడినదా లేదా యని తెలిసికొనుటకు నగరములోని విహారోద్యానమును గాక ఈ రైతు కాలువను చూడవలెను. ప్రణాళిక తుది పరీక్ష అచ్చటనే జరుగవలెను.

నదీగర్భమున నివసించువారి సంగతియు నట్టిదే. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ ప్రాంతమున మూసానగరు, శంకరనగరుల ఇండ్లపై ఎఱ్ఱరంగుతో గుర్తులు వేసిరి. కొన్ని కుటుంబములను మలక్‌పేట యందలి రెండు పడకగదుల ఇండ్లకు తరలించిరి. వరద వచ్చుచోట మనుష్యులు నివసింపరాదనుట సత్యమే. వారి మేలు కొఱకే వారిని తరలింపవలసియున్నదను వాదమును మేము కాదనము. కాని తరలింపు విషయమున రెండు నియమములు విధిగా పాటింపవలెను. మొదటిది, గుర్తు వేయక మున్ను మాట చెప్పవలెను. ఇల్లు చూపింపక ఇల్లు విడువుమనరాదు. కూలి దొరకుచోటికి, బిడ్డల బడికి దూరముగ విసరివేయుట పునరావాసము కాదు. రెండవది, వరద పేరు చెప్పి పేదలను లేపిన చోట వరదకు భయపడని ధనికుల సౌధములు లేవరాదు. ఆ భూమిని నీటికే వదలివేయుదుమని శాసనముచే ప్రతిజ్ఞ చేయవలెను. బస్సు స్టేషను సయితము నది రెండు పాయల నడుమ నున్నదను సంగతి 2025 సెప్టెంబరు నాటి రాత్రి వేలమంది ప్రయాణికులకు తెలియవచ్చినది. న్యాయము గుడిసెకొకటి, సర్కారు కట్టడమునకొకటి యైనచో ప్రజలు నమ్మరు.

ఇంతకంటె గంభీరమైన విషయము జంట జలాశయములది. వాని చుట్టును పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదని 1996 మార్చి 8వ తేదీన 111వ సంఖ్యగల ఉత్తరువు వెలువడెను. 84 గ్రామములు దీని క్రిందికి వచ్చినవి. ఆ ప్రాంతమున ఒక నూనె పరిశ్రమను గూర్చిన వివాదమున సుప్రీముకోర్టు 1999లోను, 2000లోను తీర్పులు చెప్పుచు, హాని జరిగినదని ఋజువగువఱకు ఆగుట కాదు, హాని జరుగకమున్నే జాగ్రత్త వహింపవలెనను సూత్రమును నిలిపెను. 2022 ఏప్రిలులో 69వ సంఖ్యగల ఉత్తరువు ఆ నిషేధములను తొలగించినది. నగర త్రాగునీటిలో ఈ జలాశయముల వాటా మిక్కిలి స్వల్పమైనదనునది చెప్పబడిన కారణము. మంజీర, కృష్ణా, గోదావరి జలములు వచ్చిన పిదప వాటా తగ్గిన మాట నిజమే. కాని ఈ జలాశయములు పుట్టినది దాహము తీర్చుటకు మాత్రమేనా? 1908 వరద లేనిచో వాని పుట్టుకయే లేదు. కావలివాడు పాలు పితుకుట లేదని వానిని పనినుండి తొలగించినట్లున్నది ఈ తర్కము.

ఎగువ నేల యంతయు సిమెంటుతో కప్పబడినప్పుడు, పూర్వము నేలలో ఇంకి నెమ్మదిగా చేరు వాననీరు గంటలలో జలాశయమును చేరును. ఉస్మాన్ సాగరమున పట్టునది సుమారు 3.9 టి.ఎం.సి.లు, హిమాయత్ సాగరమున సుమారు 2.97 టి.ఎం.సి.లు. నీరు వేగముగ వచ్చినకొలది తలుపులను వేగముగ నెత్తవలెను. తలుపులు వేగముగ నెత్తినకొలది క్రింది నగరము మునుగును. విచిత్రమేమనగా, అక్కఱలేదనిన ఆ జలాశయములనే గోదావరి నీటితో నింపి మూసీకి జీవము పోయుటకు 2025 సెప్టెంబరు 8వ తేదీన ఒక పథకమునకు శంకుస్థాపన జరిగినది. ఒక చేతితో కాపు తీసివేయుచు మఱియొక చేతితో నీరు తెచ్చి పోయుట ఏ ప్రణాళికాశాస్త్రమున నున్నదో తెలియదు.

ఐనను 84 గ్రామముల రైతుల పక్షమున చెప్పవలసిన మాట కలదు. ఉత్తరువు వెలువడినది మొదలు 26 సంవత్సరములు వారు తమ భూమిపై నిర్బంధమును భరించిరి. గట్టు కివతల ఎకరము కోట్లు పలుకుచుండ, గట్టు కవతల తమ ఎకరము జొన్నకు మాత్రమే పనికివచ్చుచుండ, వారు చూచుచు ఊరకుండవలసి వచ్చినది. నగరము నీరు త్రాగినది, నిశ్చింతగ నిద్రించినది. మూల్యము చెల్లించినది పల్లె. ఈ వ్యథ న్యాయమైనది. కాని దీనికి పరిష్కారము నిర్బంధమును త్రెంచుట కాదు, నిర్బంధమునకు వెల కట్టుట. కోకాపేట వేలములలో ఖజానాకు చేరిన ధనములో కొంత భాగమును ఈ గ్రామముల రైతులకు ఏటేట కౌలువలె చెల్లింపవచ్చును. భూమిపై కట్టుకొను హక్కును వేఱొకచోట విక్రయించుకొను విధానము మన పురపాలక చట్టములలో నున్నదే. దానిని వీరికి విస్తరింపవచ్చును. కట్టడపు అంతస్తుల విస్తీర్ణమునకు పరిమితిని 2006లో 86వ సంఖ్యగల ఉత్తరువు తొలగించుటచే, ఆ హక్కునకు వెల రాకుండపోయినది. ఎత్తు కట్టుకొనుటకు ఉచితముగ అనుమతి దొరకునప్పుడు దానిని కొనువాడెవడు? పరిమితిని మరల నిర్ణయించినచో నగరపు ఎత్తైన మేడలు పల్లె రైతునకు ఋణము తీర్చును, జలాశయమును దక్కును.

ధనమెక్కడనుండి వచ్చును, పెట్టుబడి భయపడి పారిపోదా యని ప్రశ్నించువారు కలరు. వరదలో మునిగిన కార్యాలయమునకు ఏ పెట్టుబడిదారుడు వచ్చును? వర్షము కురిసిన సాయంకాలము మూడు గంటలు రహదారిపై నిలిచిన వాహనముల నష్టమును లెక్కించువారెవరు? చెఱువు హద్దు స్పష్టముగ నున్న నగరమున భూమికి వెల తగ్గదు, పెరుగును. సందేహము లేని పట్టాకు సందేహము గల పట్టాకంటె ఎక్కువ వెల పలుకుట భూమి గలవారందఱు నెఱిగినదే.

కాబట్టి మేము కోరుచున్నవి కొలదియే. నగరమునందును, క్రొత్తగ చేరిన ఊళ్లయందును ప్రతి చెఱువునకు పూర్తి నీటిమట్టపు హద్దును, మత్తడి కాలువ దారిని సర్వే చేసి, అభ్యంతరములు విని, తుది పటమును గ్రామచావడిలోను వార్డు కార్యాలయములోను అంటింపవలెను. ఆ హద్దులోని సర్వే నంబరుపై దస్తావేజు వచ్చినచో, ఇది నీటి భూమి యని కొనువానికి రిజిస్ట్రారు వ్రాతమూలమున తెలుపవలెను. హద్దు తప్పించి అనుమతి యిచ్చిన అధికారి పింఛను పుచ్చుకొనుచున్నను జవాబుదారి కావలెను. మూసీ పనులలో మురుగును ఆపుపని పూర్తియగు వఱకు తీరశృంగారమునకు పైసా వ్యయము చేయరాదు. జంట జలాశయముల ఎగువన నిర్బంధమును నిలిపి, రైతునకు మూల్యము చెల్లింపవలెను. వీనిలో ఏదియు అసాధ్యము కాదు, ఏదియు క్రొత్తది కాదు. 1909 నాటి తర్కమునకు నేటి న్యాయమును జోడించుటయే.

పాఠకులలో భూస్వాములు కలరు, స్థలములు కొనదలచినవారు కలరు, పురపాలక సభ్యులు కలరు. ప్రభుత్వము ఏమి చేయునో వేచియుండనక్కఱలేదు. స్థలము కొనక మున్ను ఆ ఊరి ముసలివాని నొకని వెదకి, వానకాలమున ఇచ్చట నీరు ఎటు పాఱునని అడుగుడు. శిఖము భూమిని విక్రయించువారు కొనువానికి నిజము చెప్పుడు. పురపాలక సభ్యులు తమ వార్డులోని మత్తడిని ఒక్కమాఱు కన్నులార చూచి రండు. దస్తావేజులు చిరుగవచ్చును, పటములు కాలవచ్చును, ప్రభుత్వములు మాఱవచ్చును. నేల వాలు మాత్రము మాఱదు. నీరు తన పట్టాను ఏ కచ్చేరిలోను దాఖలు చేయదు. వానకాలము వచ్చినప్పుడు స్వయముగ వచ్చి స్వాధీనము చేసికొనును. అట్టి హక్కుదారుతో వ్యాజ్యమాడి గెలిచినవారు లోకమున లేరు. ముందుగనే హద్దు ఒప్పుకొని ఇరుగుపొరుగుగ బ్రతుకుట వివేకము.